ఏడుకి రెండొచ్చాయని స్కోరు షీటు చింపేస్తారా?

ఇప్పుడే చూసొచ్చాను. ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది. వైజాగ్ ఎంవీపీ కాలనీలో పిల్లల చెస్ టోర్నీ, ఏడు రౌండ్ల ర్యాపిడ్, అంటే తక్కువ టైములో ముగిసే ఆటలు. అయిపోయి జనం బయటికొస్తున్నారు. గేటు దగ్గర మురీ మిక్చర్ బండి పక్కన ఓ నాన్న, ఎనిమిదేళ్లుంటాయేమో ఓ గుంటడు. "ఏట్రా, ఏడుకి రెండా? దీనికేనా పొద్దున్నించి నేనిక్కడ పడిగాపులు కాసింది?" అంటూ వాడి చేతిలో మడతపెట్టి ఉన్న కాగితం లాక్కుని, నాలుగు ముక్కలు చేసి విసిరేశాడు.

తిట్టాడు, సరే. తిట్టని నాన్న మన ఊళ్లో ఎక్కడున్నాడు గనక. నలుగురిలో ఏడిపించాడు, అదీ పోనీ, రాత్రికి అమ్మ ముద్ద కలిపి పెడితే మర్చిపోతాడు. కానీ ఆ కాగితం! అది స్కోరు షీటండీ బాబూ, ఆడిన ఎత్తులన్నీ వరసగా రాసుకునే కాగితం. ర్యాపిడ్‌లో ఎత్తులు రాయాలన్న రూలే లేదు. గడియారంలో ఉండేది 15 నిమిషాలు, ఎత్తుకో 5 సెకన్లు కలుస్తాయి. ఆ హడావిడిలో కూడా ఎవరూ అడక్కుండానే వాడు కూర్చుని రాసుకున్నాడు. ఆ హాల్లో రాసిన పిల్లలు పదిమంది ఉంటే గొప్ప. వాణ్ణి ఎత్తుకుని ముద్దుపెట్టుకోవాల్సింది పోయి, చింపేశారు.

ముందు ఆ "ఏడుకి రెండు" లెక్క సంగతి చూద్దాం, ఎందుకంటే ఈ ఊళ్లో లెక్కలు రాని నాన్న లేడు, చెస్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒక్కడికీ రాదు. ఒక బల్ల మీద ఒక ఆటకి పుట్టేది ఒక్క పాయింటు. గెలిస్తే ఒకడికే, డ్రా అయితే చెరి సగం. 100 మంది ఆడితే రౌండుకి 50 పాయింట్లే, దేవుడు దిగొచ్చినా 51 కావు. అంటే ఏడు రౌండ్లకి సగటు మూడున్నర. అందరి పిల్లలూ ఆరు కొట్టాలంటే ఓడిపోవడానికి పిల్లల్ని పక్క జిల్లా నించి లారీలో తోలించుకోవాలి.

ఇక మొదటి రౌండు జత ఎలా వేస్తారో తెలుసా? జాబితాని రేటింగు (గెలుపోటముల్ని బట్టి ఆటగాడి బలానికి కట్టే అంకె) వరసలో పెట్టి మధ్యలో కోస్తారు. ఒకటో వాడికి 51వ వాడు, రెండో వాడికి 52వ వాడు. రేటింగే లేని కొత్త పిల్లాడు అడుగున ఉంటాడు కాబట్టి తన కన్నా 50 మెట్లు పైనున్నవాడితోనే వాడి ఆట మొదలు. అది వాడి తప్పా? రేటింగులో 200 తేడా ఉంటే పైవాడికి నూటికి 76 పాయింట్లు వస్తాయని లెక్క. 400 తేడా ఉంటే 91. అలాంటి ఆట ఓడిపోవడం అంటే వాన కురిస్తే తడవడం. దానికి కూడా గొడుగు తేలేదని తిట్టే జనం మనం.

రేటింగంటే గుర్తొచ్చింది. 2024 మార్చిలో ప్రపంచ చెస్ సంఘం ఫిడే కనీస రేటింగుని 1000 నుంచి 1400కి లేపింది. 2000 లోపు ఉన్న వాళ్లందరికీ, 2000కి ఎంత తక్కువుంటే అందులో 40 శాతం కలిపేసింది. 1500 ఉన్నవాడు తెల్లారేసరికి 1700. ఆ నెల "మావాడు ఒక్కసారిగా 200 పెరిగాడు" అని స్టేటస్ పెట్టి స్వీట్లు పంచిన పెద్దమనుషులు ఉన్నారు. పక్కింటి పిల్లాడికీ పెరిగిందండీ. ఎదురింటి తాతగారికీ పెరిగింది. సరే, అదే పెద్దమనిషి కొడుకు ఓ టోర్నీలో 60 పోగొట్టుకుంటే ఇంట్లో చావు కబురు వచ్చినట్టు కూర్చుంటాడు. 18 లోపు పిల్లలకి గంటల తరబడి సాగే క్లాసికల్ ఆటలో, రేటింగు ఎంత మారాలో లెక్కగట్టే కె అనే గుణకం 40 ఉంటుంది. తనంతటి వాడి మీద ఓడితే 20 పోతాయి, గెలిస్తే 20 వస్తాయి. 60 అంటే మూడు ఆటలు. మూడంటే మూడు. ఒక జలుబుకి పోతాయవి.

ఇంతకీ ఆ కాగితం ఎందుకంత ముఖ్యమో చెప్పి తీరాలి. "ఓటమి గెలుపుకి మెట్టు" అని గోడ మీద రాసుకుంటారు కదా, అదీ ఒట్టి మాటే. ఓడిపోతే ఏమీ రాదు. ఓడిన ఆట కూర్చుని చూస్తే వస్తుంది. చూడాలంటే కాగితం ఉండాలి.

ఆ రాత్రి వద్దు. అన్నం పెట్టి పడుకోబెట్టండి. మర్నాడు ఒక ఇరవై నిమిషాలు, ఫోను పక్కన పడేసి, నిజం బోర్డు మీద మొదటి ఎత్తు నించి ఆడించండి. ఇద్దరి బలం లెక్కపెడుతూ పొండి: బంటు 1, గుర్రం 3, శకటు 3, ఏనుగు 5, మంత్రి 9. ఎక్కడ ఒకడి లెక్క తగ్గిపోయి మళ్లీ అందుకోలేకపోయాడో అక్కడ ఆపండి. అక్కణ్ణించి ఒక ఎత్తు వెనక్కి. ఎదుటివాడు ఆఖరున ఏం ఆడాడు, దేనికి ఆడాడు? పిల్లాణ్ణే చెప్పమనండి. వాడే చెప్తాడు, తొంభై పాళ్లు "అయ్యో, చూళ్లేదు" అంటాడు. ఎర్ర పెన్నుతో పక్కన "చూ" అని రాయండి. చూసే టైముండి కూడా తొందరపడి ఆడేస్తే "తొ". గెలిచే ఆటని ముగించలేకపోతే "ము". మూడే గుర్తులు, ఇంకేం అక్కర్లేదు. "తొ" తేలాలంటే అయిదారు ఎత్తులకోసారి గడియారంలో ఎంతుందో షీటు మీదే రాసుకోవాలి. రూల్సులో దానికి అనుమతుంది.

పది ఆటలయ్యాక లెక్క చూడండి. "చూ"లు ఎక్కువుంటే రోజుకి పది, పదిహేను పజిల్స్, అవి కూడా ఒకటి రెండెత్తుల్లో తేలేవే. ఆడే ముందు మూడు ప్రశ్నలు: ఎదుటివాడు నాకు చెక్ ఇవ్వగలడా, నాదేమైనా తీయగలడా, తర్వాతి ఎత్తుకి దేన్ని బెదిరిస్తున్నాడు? "తొ"లు ఎక్కువుంటే అరచేతులు తొడల కింద పెట్టుకుని కూర్చోమనండి. నవ్వకండి, ముట్టుకుంటే ఆడాల్సిందే అన్న రూలున్న ఆటలో ఇంతకన్నా మంచి మందు లేదు. 15 నిమిషాలూ 5 సెకన్ల ఆటని 40 ఎత్తులకి పంచితే ఎత్తుకి 27 సెకన్లు వస్తాయి. మనవాళ్లు 3 సెకన్లలో ఆడేసి, ఉన్న 15 నిమిషాలూ చెక్కుచెదరకుండా మిగిల్చి ఓడిపోయి, నీళ్ల డ్రమ్ము దగ్గర చేరతారు. "ము"లు ఎక్కువుంటే మంత్రితో ఒంటి రాజుకి ఆటకట్టు, ఏనుగుతో ఒంటి రాజుకి ఆటకట్టు రోజూ చేయించండి. రెండువైపులా సరిగ్గా ఆడితే మంత్రితో పదెత్తుల్లోపు, ఏనుగుతో పదహారెత్తుల్లోపు అయిపోతుంది. మంత్రిని రాజుకి మరీ దగ్గరగా తోసి స్టేల్‌మేట్ (చెక్ లేదు, ఎదుటివాడికి ఆడ్డానికి ఎత్తూ లేదు, ఆట డ్రా) చేసుకుని సగం పాయింటు దానం చేసే పిల్లలు ప్రతి టోర్నీలో ఉంటారు.

పిల్లాడు బాగుపడుతున్నాడో లేదో ఇక్కడ తెలుస్తుంది. మొదటి పది షీట్లలో "చూ"లు ఇరవై ఉండి, తర్వాతి పదిలో పన్నెండుంటే, వాడికి ఏడుకి రెండే వచ్చినా వాడు పైకొస్తున్నట్టే. పాయింట్లు తర్వాత వస్తాయి. ఈ లెక్క కనబడిన పిల్లాడికి దిగులు రెండ్రోజుల్లో పోతుంది. పాయింట్లు ఒక్కటే కనబడే పిల్లాడికి పోదు. అంతే తేడా.

కంప్యూటర్ ఇంజిన్‌కి చూపించాలంటే ఇదంతా అయ్యాకే. ముందే చూపిస్తే అది మైనస్ 4.7 అని ఒక అంకె పడేస్తుంది, పిల్లాడు దాన్ని మార్కుల లిస్టులా చూసి ఇంకా కుంగిపోతాడు.

కోచింగు వాళ్ల సంగతికొద్దాం. ఊరి పేరూ పేటల పేర్లూ ఎందుకు, అందరికీ తెలిసినవాళ్లే. ఏనుగుతో ఆటకట్టు చెయ్యడం రాని ఏడేళ్ల పిల్లకి సిసిలియన్ నైడార్ఫ్ అనే ఓపెనింగు, అంటే ఆట మొదలుపెట్టే పద్ధతి, పన్నెండెత్తులు బట్టీ పట్టిస్తారు. తల్లిదండ్రుల ముందు అప్పజెప్పిస్తే పద్యంలా బాగుంటుంది కదా, అందుకు. టోర్నీలో ఎదుటిపిల్లాడు మూడో ఎత్తుకి పుస్తకంలో లేని బంటు జరుపుతాడు. ఈ పిల్ల బిక్కమొహం. "నాకు చెస్ రాదు" అని అక్కడే డిసైడైపోతుంది. దానికి బదులు నాలుగెత్తుల మేటు ఎలా ఆపాలో నేర్పొచ్చుగా! తెల్లపావులు ఎదుటివాడివి. ఇద్దరూ రాజు ముందు బంటుని రెండేసి గళ్లు జరిపారు: ఈ4, ఈ5. ఎదుటివాడు మంత్రి హెచ్5కి తెస్తాడు, మనం గుర్రం సీ6. శకటు సీ4కి వస్తుంది. ఇప్పుడు మంత్రిని బెదిరిద్దామని గుర్రం ఎఫ్6 ఆడామా, మంత్రి ఎఫ్7 బంటుని తినేసి ఆటకట్టు, ఎందుకంటే ఆ బంటుకి కాపలా రాజొక్కడే, శకటు అండ ఉన్న మంత్రిని రాజు తీయలేడు. జీ6 ఆడాలి. మంత్రి ఎఫ్3కి పోయి మళ్లీ అదే బెదిరింపు పెడుతుంది, అప్పుడు గుర్రం ఎఫ్6. అయిపోయింది. ఎదుటివాడి మంత్రి రోడ్డున పడింది, మన గుర్రాలు రెండూ బయటికొచ్చాయి. ఐదు నిమిషాల పాఠం. దీనికి ఫీజు తీసుకోవడం కష్టం కాబోలు.

బహుమతులివ్వడానికి వచ్చే పెద్దమనిషి గురించి కూడా చెప్పాలి. పిల్లలంతా వాడిపోయి కూర్చుంటే రెండు గంటలు లేటు. వచ్చి బోర్డు ముందు కూర్చుని బంటు జరుపుతూ ఫోటో. ఆ ఫోటోలో బోర్డు అడ్డంగా తిరిగి ఉంటుంది. కుడిచేతి మూల గడి తెల్లది ఉండాలండీ అని చెప్పే ధైర్యం నిర్వాహకుల్లో ఒక్కడికీ లేదు. పోన్లెండి.

వీళ్లందరి నోట్లో మాత్రం ఎప్పుడూ హంపీయే. "హంపీని చూడరా, మన తెలుగమ్మాయి." చూశారా మీరు? 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో మహిళల ప్రపంచ ర్యాపిడ్, పదకొండు రౌండ్లు. కోనేరు హంపి మొదటి రౌండు ఓడిపోయింది. 37 ఏళ్ల వయసులో, 2019లో ఒకసారి గెలిచిన టైటిలు కోసం వచ్చి, మొదటి ఆటే పోయింది. చివరికి పదకొండుకి ఎనిమిదిన్నర, మళ్లీ ప్రపంచ విజేత. ఆ మొదటి రౌండు అయ్యాక మీలాంటి నాన్న గేటు దగ్గర ఉండి ఉంటే ఆవిణ్ణి బండెక్కించి ఇంటికి తీసుకొచ్చేసేవాడు. అదే నెలలో గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు, ఆ మ్యాచ్‌లో కూడా మొదటి ఆట తెల్లపావులతో ఓడింది వాడే. పద్నాలుగో ఆటలో అప్పటిదాకా చాంపియన్‌గా ఉన్న డింగ్ లిరెన్ 55వ ఎత్తుకి ఏనుగు ఎఫ్2 ఆడి డ్రా ఆటని చేజేతులా పోగొట్టుకున్నాడు. ప్రపంచ చాంపియనే "చూ" కొట్టాడు, మీ ఎనిమిదేళ్లవాడు కొట్టకూడదా?

పెద్దవాళ్లు కూడా తక్కువేం కాదు. రుషికొండ ఆఫీసుల్లో ముప్పై దాటాక మొదలుపెట్టిన వాళ్లు, ఎనిమిదేళ్ల పిల్ల చేతిలో ఓడిపోయి, ఆ కసితో రాత్రి ఒంటిగంట దాకా ఫోనులో మూడు నిమిషాల బ్లిట్జ్ ఆడతారు. కసితో ఆడిన బ్లిట్జ్‌లో ఎవడూ ఏదీ నేర్చుకోడు, ఇంకో ఎనిమిది ఓడిపోతాడు. వరసగా రెండు పోతే ఫోను పక్కన పెట్టాలి, అదొక్కటే రూలు. లిచెస్ అనే చెస్ సైటులో కొత్తవాడికి మొదలే 1500 చూపిస్తుంది, అది 1150కి దిగితే ఏదో పోయిందనుకుంటారు. పోలేదు, మీరు ఉన్నచోటికి అది వచ్చింది. ఫిడే అంకెతో దాన్ని పోల్చకండి, ఆ తూకం వేరు, ఈ తూకం వేరు.

అయినా నాకు అసలు మంట ఇవాళ్టిది కాదు. ఇంతా చేసి ఏడెనిమిదేళ్లు ఆడిన పిల్లని తొమ్మిదో తరగతి జూన్ రాగానే మాన్పించేస్తారే, అది. "టెన్త్ వస్తోంది కదండీ." తర్వాత ఇంటర్, తర్వాత ఈఏపీసెట్టు, తర్వాత బోర్డు అటక మీద, పావుల డబ్బాలో నల్ల గుర్రం ఒకటి గల్లంతు. రోజుకి నలభై నిమిషాలు, వారానికి ఒక పెద్ద ఆట. ఇంత చాలు బతికించుకోవడానికి. ఫోనులో రీళ్లకి ఉన్న టైము దీనికి లేదా? ఒక్కోసారి అనుమానం, పిల్లలు డీలా పడిపోతే వీళ్లకి లోపల హాయిగానే ఉంటుందేమో అని. "మేం మాన్పించలేదండీ, వాడికే ఇంట్రెస్ట్ పోయింది" అని చెప్పుకోవచ్చు కదా. పోయిందా, పోగొట్టారా? గేటు దగ్గర కాగితం చింపితే పోక ఉంటుందా?

ఆ నాన్నగారు ఇది చదువుతారో లేదో తెలీదు. ఎవరైనా తెలిస్తే చెప్పండి. మిక్చర్ బండి అతను ఆ ముక్కలు ఏరి హాలు వాచ్‌మన్‌కి ఇచ్చాడు. నాలుగే ముక్కలు, టేపు వేస్తే అతుక్కుంటాయి. ముప్పయ్యొకటో ఎత్తు దాకా రాశాడు మీవాడు, మూడు చోట్ల గడియారం టైము కూడా వేసుకున్నాడు. రేపు మధ్యాహ్నం దాకా ఆయన బల్ల సొరుగులో ఉంటాయట.