అమ్మాయిల కప్పుకు కొసరు లెక్కలా?

2025 జూలై 27, ఆదివారం రాత్రి బాసెల్‌లో ఇంగ్లండ్ అమ్మాయిలు పెనాల్టీ షూటౌట్‌లో 3-1తో స్పెయిన్‌ను ఓడించి మహిళల ఫుట్‌బాల్ యూరో కప్పు నిలబెట్టుకున్నారు. ఎముక చిట్లిన కాలితోనే టోర్నీ మొత్తం ఆడానని డిఫెండర్ లూసీ బ్రాంజ్ మ్యాచ్ అయ్యాక చెప్పింది. ఇంతా చేస్తే యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్‌ఏ నుంచి ఇంగ్లండ్ సమాఖ్యకు వచ్చింది 50 లక్షల యూరోలు. 2024లో జర్మనీలో జరిగిన పురుషుల యూరోలో స్కాట్లాండ్ రెండు మ్యాచ్‌లు ఓడి, ఒకటి డ్రా చేసుకుని, గ్రూపులో అట్టడుగున నిలిచి ఇంటిదారి పట్టింది. ఆ జట్టుకు ముట్టింది 97.5 లక్షలు. యూరప్ విజేతలకు దక్కినదానికి దాదాపు రెట్టింపు!

ఇదేదో పొరపాటున వచ్చిన తేడా కాదు, పట్టిక వేసి మరీ పంచిన సొమ్ము. మహిళల టోర్నీలో అడుగుపెట్టిన ప్రతి జట్టుకూ 18 లక్షలు. గ్రూపులో గెలిస్తే లక్ష, డ్రా అయితే 50 వేలు. క్వార్టర్స్‌కు చేరితే 5.5 లక్షలు, సెమీస్‌కు 7 లక్షలు, కప్పు కొడితే 17.5 లక్షలు. ఇంగ్లండ్ తొలి మ్యాచ్‌లో ఫ్రాన్స్ చేతిలో ఓడింది కాబట్టి మొత్తం 51 లక్షల్లో ఒక లక్ష తగ్గి 50 లక్షల దగ్గర ఆగింది. పురుషులకేమో అడుగుపెడితేనే 92.5 లక్షలు, గ్రూపులో ఒక్కో గెలుపునకు 10 లక్షలు. అన్నీ గెలిచిన స్పెయిన్ పురుషుల జట్టు 2 కోట్ల 82.5 లక్షలు పట్టుకెళ్లింది. మొత్తం సొమ్ము పురుషులకు 33.1 కోట్లు, మహిళలకు 4.1 కోట్లు. అక్కడ 24 జట్లు, ఇక్కడ 16 అన్న మాట నిజమే. జట్ల వారీగా భాగించి చూసినా తేడా అయిదు రెట్ల పైమాటే. ఇక క్రీడాకారులను జాతీయ జట్లకు వదిలిపెట్టినందుకు క్లబ్బులకిచ్చే పరిహారం చూడండి: పురుషుల టోర్నీకి 14 కోట్లు, మహిళల టోర్నీకి 90 లక్షలు. తన జట్టులోని వాళ్లను వదిలిపెట్టాల్సింది మాత్రం రెండుచోట్లా క్లబ్బే!

2022లో 1.6 కోట్లున్న ప్రైజ్‌మనీని 4.1 కోట్లకు పెంచామని, అందులో 30 నుంచి 40 శాతం క్రీడాకారిణులకే చేరాలని తొలిసారి నిబంధన పెట్టామని యూఈఎఫ్‌ఏ చెబుతోంది. ఆదాయాన్ని బట్టే పంపకమని, ఈ టోర్నీతో తమకు 2 కోట్ల యూరోలకు పైగా నష్టమని కూడా అంటోంది. పెంపును కాదనం. నిబంధన మంచిదే. 50 లక్షల్లో 30 శాతమంటే ఇంగ్లండ్ జట్టులోని 23 మందికి తలా 65 వేలు. కానీ మూడు మ్యాచ్‌లూ ఓడిన వేల్స్‌కు దక్కేది ఆ 18 లక్షలే. క్రీడాకారిణుల వాటా పోగా మిగిలే పది, పన్నెండు లక్షలతోనే శిబిరాలు, ఫిజియోలు, బాలికల అకాడమీలు నడవాలట!

ఆదాయం తక్కువ అంటున్నారు సరే, తక్కువ చేసిందెవరు? 2018 డిసెంబరులో కార్డు చెల్లింపుల సంస్థ ‘వీసా’తో ఒప్పందం కుదిరేదాకా యూఈఎఫ్‌ఏ మహిళల ఫుట్‌బాల్‌కు విడిగా స్పాన్సరే లేదు. అప్పటివరకు పురుషుల స్పాన్సర్‌షిప్ హక్కులు అసలు, మహిళలవి వాటితోపాటు పడేసిన కొసరు. అంతకుముందు చరిత్ర ఇంకా ఘనం. ఇంగ్లండ్ సమాఖ్య 1921లో మహిళలకు తన క్లబ్బుల మైదానాల గేట్లు మూసి దాదాపు యాభై ఏళ్లు తెరవలేదు. జర్మన్ సమాఖ్య 1955 నుంచి 1970 దాకా అదే పని చేసింది. 1989లో యూరప్ విజేతలైన పశ్చిమ జర్మనీ అమ్మాయిలకు ఆ సమాఖ్య ఇచ్చిన బహుమతి తలా ఒక కాఫీ సెట్టు! యూఈఎఫ్‌ఏ 1984లో మొదటి మహిళల టోర్నీ ఆడించినప్పుడు మ్యాచ్ 70 నిమిషాలే, బంతి కూడా చిన్న సైజుదే. దశాబ్దాలపాటు కొట్టు మూయించి, నిన్నగాక మొన్న తాళం తీసి, గల్లాపెట్టెలో డబ్బేదని అడిగితే ఎక్కడి నుంచి వస్తుంది?

వస్తున్న ఆదాయానికీ వాళ్లే గండి కొట్టుకున్నారు. ఈసారి 31 మ్యాచ్‌ల్లో 29కి టికెట్లన్నీ అమ్ముడుపోయాయి. మొత్తం 6,57,291 మంది చూశారు, ఇది రికార్డు. అయినా ప్రపంచ విజేత స్పెయిన్, బెల్జియం మ్యాచ్‌ను తీసుకెళ్లి ఎనిమిది వేల సీట్ల తున్ స్టేడియంలో పెట్టారు. 2022లో మాంచెస్టర్‌లో 4,700 మంది పట్టే మైదానం ఇస్తే ఇది అవమానమని ఐస్‌లాండ్ క్రీడాకారిణి సారా బ్యోర్క్ గున్నార్స్‌డోట్టిర్ మొత్తుకుంది. ఆ టోర్నీ ఫైనల్‌కే వెంబ్లీకి 87,192 మంది వచ్చారు. సీట్లు తగ్గించేదీ వీళ్లే, రాబడి తగ్గిందనేదీ వీళ్లే.

ఆతిథ్యమిచ్చిన స్విస్ ప్రభుత్వం తక్కువ తినలేదు. 2008 పురుషుల యూరోకు 8 కోట్ల ఫ్రాంకులకు పైగా వెచ్చించిన ఆ ప్రభుత్వం, ఈ టోర్నీకి మొదట విదిల్చినది 40 లక్షలు. పార్లమెంటు పట్టుబడితే 1.5 కోట్లకు పెరిగింది. వేదికలెక్కి సమానత్వం మీద ఉపన్యాసాలకు మాత్రం లోటు లేదు.

యూరప్ గొడవ మనకెందుకని అనుకోవద్దు. ఫుట్‌బాల్‌లో అక్కడ గీసిన గీతనే మిగతా ఖండాల సమాఖ్యలు సాకుగా చూపిస్తాయి. ఈ టోర్నీ సాగుతుండగానే జూలై 5న మన అమ్మాయిలు థాయ్‌లాండ్‌ను దాని సొంతగడ్డపై 2-1తో ఓడించి, తొలిసారి అర్హత పోటీల్లో నెగ్గి ఆసియా కప్‌కు చేరారు. నిజామాబాద్ అమ్మాయి గుగులోతు సౌమ్య యూరప్ వెళ్లి క్రొయేషియా క్లబ్ డైనమో జాగ్రెబ్‌కు ఆడి వచ్చింది. రేపు వీళ్లు తమ వాటా అడిగితే ‘యూరప్‌లోనే అంతంతమాత్రం, మీకెక్కడిది’ అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. ఈ విద్యలో మనవాళ్లూ తక్కువేం కాదు. 2022లో సమాన మ్యాచ్ ఫీజులంటూ చప్పట్లు కొట్టించుకున్న క్రికెట్ బోర్డు 2024-25 వార్షిక కాంట్రాక్టుల్లో మహిళల అగ్రశ్రేణికి 50 లక్షల రూపాయలు, పురుషుల అగ్రశ్రేణికి 7 కోట్లు ఇచ్చింది.

2029 టోర్నీ ఆతిథ్యం జర్మనీదని 2025 డిసెంబరులో తేలిపోయింది. ఆ తర్వాతి టోర్నీలకైనా యూఈఎఫ్‌ఏ కొన్ని షరతులు రాసి పెట్టాలి. బిడ్ వేసే ప్రభుత్వం ఎంత ఖర్చు పెడుతుందో ముందే సంతకం చేసి చెప్పాలి, గెలిచాక బేరాలు కుదరవు. పాతిక వేల సీట్లకు తక్కువైన స్టేడియంలో అగ్రశ్రేణి జట్ల మ్యాచ్ పెట్టకూడదు. అడుగుపెట్టిన ప్రతి జట్టుకూ ఇచ్చే మొత్తం ఏ టోర్నీకి ఎంత పెరుగుతుందో, పురుషులతో ఏ ఏడాదికి సమానమవుతుందో సంవత్సరాలు వేసి ప్రకటించాలి. క్లబ్బుల పరిహారం ముందు పెంచాలి, ఎందుకంటే ఆటగత్తెల జీతాలు వచ్చేది అక్కడి నుంచే. నష్టం నష్టమని గుండెలు బాదుకునే పెద్దలు, అండర్-17 అబ్బాయిల టోర్నీ ఎన్ని కోట్లు లాభం తెచ్చిందో కూడా అదే కాగితం మీద చూపించాలి. అది చేతకాకపోతే, వచ్చేసారి కప్పు అందించేటప్పుడు వేదిక మీద వరసగా నిలబడి ఫొటోలకు పోజులివ్వడమైనా మానుకోవాలి.