ఒక్క అక్షరం కూడా మార్చలేదండీ!

కవిగారు మైకు ముందుకొచ్చి, గొంతు సవరించుకుని, కవిత కంటే ముందు ఒక మాట చెబుతారు. "ఇది రాత్రి రెండింటికి గుండెలోంచి అలా పొంగుకొచ్చేసిందండీ. ఒక్క అక్షరం కూడా మార్చలేదు." సభ చప్పట్లు కొడుతుంది. కవిత ఇంకా మొదలే కాలేదు. చప్పట్లు మార్చనందుకన్నమాట.

ఈ మాట ఇంకో పనివాడు అని చూడమనండి. "చిత్రిక పట్టలేదండీ, చెట్టులోంచి అలా వచ్చేసింది" అని వడ్రంగి అంటే ఆ కుర్చీలో ఎవరూ కూర్చోరు. "ఉప్పు చూడలేదండీ, పప్పు నా మనసులోంచి దిగింది" అని వంటాయన అంటే విస్తరి ముందు నుంచి లేచిపోతాం. కవిత దగ్గర మాత్రం పేడు గుచ్చుకుంటే తప్పు కూర్చున్నవాడిది. వాడికి రసహృదయం లేదు.

గుండె పొంగడం ఎలాగో తెలియక బాధపడుతున్న వారి కోసం పద్ధతి చెబుతాను. ఖర్చు లేదు. ముందు ఒక వాక్యం కావాలి. "కరెంటు బిల్లు కట్టడం మర్చిపోయాను, ఈ నెల ఫైన్ పడింది." ఇది వచనం. దీన్ని ఫోన్లో కొట్టి, ఒకటి రెండు మాటలకోసారి ఎంటర్ నొక్కాలి. ఎక్కడ ఊపిరాడకపోతే అక్కడ మూడు చుక్కలు.

కరెంటు
బిల్లు...
కట్టడం
మర్చిపోయాను...
ఈ నెల
ఫైన్
పడింది...!

చూశారా, ఎంత ఆర్ద్రత! చివరి ఆశ్చర్యార్థకం మర్చిపోకండి, కవితకి తాళం కప్ప అదే. గ్రూపులో పెట్టిన నాలుగు సెకన్లలో "గుండెను పిండేశారు సార్" అని జవాబొస్తుంది. ఏడు పంక్తులు చదవడానికి ఆరు సెకన్లు పడుతుంది. మిగతా రెండు సెకన్లు అభిమానం.

కొంచెం అలంకారం కావాలంటే దానికీ మిషను ఉంది. ఎడమవైపు ఐదు మాటలు రాసుకోండి: మౌనం, జ్ఞాపకం, ఆశ, కన్నీరు, కాలం. కుడివైపు ఐదు: దొంతర, పల్లకి, సంద్రం, రెక్కలు, తెర. ఎడమది ఒకటి, కుడిది ఒకటి తీసి జత కలపండి. మౌనపు తెరలు, ఆశల పల్లకి, జ్ఞాపకాల దొంతర, కన్నీటి సంద్రం. ఐదైదులు ఇరవై ఐదు. సంపుటికి సరిపోతాయి, రెండో సంపుటికి కూడా ఇవే సరిపోతాయి. "కాలపు పల్లకి" అంటే ఏమిటని ఎవరూ అడగరు. అడిగేవాడికి రసహృదయం లేదని ముందే తేల్చుకున్నాం కదా.

ఇక "ఛందస్సు సంకెళ్ళు తెంచుకున్నాను" అనే వీరులు. జైలు ఏ వీధిలో ఉందో తెలియనివాడు సంకెళ్ళు తెంచుకోవడం గొప్ప విషయమే. గురజాడ 1910లో ముత్యాలసరం అనే ఛందస్సు నడిపినప్పుడు మూడూ నాలుగూ, మూడూ నాలుగూ అని మాత్రలు లెక్కపెట్టుకునే నడిపాడు. 1928లో వచ్చిన శ్రీశ్రీ తొలి పుస్తకం ప్రభవలో ఉన్నవి పద్యాలే. వాళ్ళు తలుపు తాళం తీసి బయటికొచ్చారు. మనవాళ్ళు ఇంట్లోకే వెళ్ళలేదు.

ఆ కరెంటు బిల్లునే ఆటవెలదిలో పెడదాం. గణమంటే పొట్టి, పొడుగు అక్షరాల కట్ట; సూర్యగణం చిన్న కట్ట, ఇంద్రగణం పెద్దది. ఒకటో మూడో పాదాలకి మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండో నాలుగో పాదాలకి ఐదూ సూర్యగణాలే. ప్రతి పాదంలో మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ యతి, అంటే ధ్వనిలో పొత్తు, కుదరాలి.

బిల్లు కట్ట మరచి పెనుచీకటిని జూచి
కుమిలి కుమిలి యేడ్చి కూరుచుంటి
ఫైను పడెను నేడు పాతబాకీతోడ
కవిని జూచి కరుణ కలుగదాయె

ఇదీ కవిత్వం కాదు. గణాలు కిట్టించగానే పోతన వంశంలో కలిసిపోయే పద్యవీరులకి కూడా ఈ ముక్క చెప్పాలి. అయితే మూడో పాదంలో ఒకటి గమనించండి. మొదటి వాక్యంలో పాతబాకీ లేదు. "ఫై"కి యతిమైత్రి కావాల్సొచ్చి, "ప"తో మొదలయ్యే మాట కోసం వెతికితే "పా" తగిలి, బాకీ బయటపడింది. గుండె దాచిపెట్టిన బాకీని యతి కక్కించింది. చెయ్యి అడ్డం పడితేనే ఇలాంటివి దొరుకుతాయి. అలా పొంగుకొచ్చినదాంట్లో మనకి ముందే తెలిసినదే ఉంటుంది, పాలు పొంగితే పాలే వచ్చినట్టు.

అన్నట్టు, ఒక్క అక్షరం మార్చని కవి ఏడాదికోసారి మాత్రం మారుస్తాడు. ఉగాదికి. క్రోధి కొట్టేసి విశ్వావసు, విశ్వావసు కొట్టేసి పరాభవ. "రావమ్మా పరాభవమా, నీకు స్వాగతం" అని నిండు సభలో చదివి శాలువా కప్పించుకోగల ధైర్యం తెలుగు కవికి తప్ప ఎవరికుంది? అరవై ఏళ్ళు ఓపిక పడితే మొదటి కవిత మళ్ళీ ముట్టుకోకుండానే పనికొస్తుంది.

ఆ ఉగాది కవి సమ్మేళనం చూసి తీరాలి. ఆహ్వానపత్రంలో పది గంటలు, జ్యోతి వెలిగేసరికి పావు తక్కువ పన్నెండు. కవులు అరవై మంది, శ్రోతలు ఎవరూ లేరు, ఎందుకంటే కూర్చున్నవాళ్ళంతా తమ వంతు కోసం కూర్చున్నవాళ్ళే. మనిషికి మూడు నిమిషాలు. అందులో రెండు నిమిషాలు "సమయాభావం వల్ల క్లుప్తంగా" అని చెప్పడానికి సరి. మిగిలిన నిమిషంలో ప్రతి పంక్తీ రెండుసార్లు. "కోయిల కూసింది" అంటారు. ముందు వరుస కేసి చూస్తారు. "కోయిల... కూసింది" అంటారు. రెండోసారి కూసింది వేరే కోయిలేమో అని మనకి అనుమానం. మామిడి చిగురు, వేపపువ్వు, షడ్రుచులు, మళ్ళీ కోయిల. చదివినవాళ్ళు చదివినట్టు శాలువాతో ఫొటో దిగి, "ఇంకో సభ ఉందండీ" అని చెప్పులు వెతుక్కుంటారు. నలభయ్యో కవి వచ్చేసరికి హాల్లో ఇరవై మంది. యాభై తొమ్మిదో ఆయన చదువుతుంటే అరవయ్యో ఆయన, అధ్యక్షులు, మైకు కుర్రాడు. అధ్యక్షులకి కునుకు. అరవయ్యో ఆయన "గుండె గోడలు బద్దలయ్యేలా" అనే దగ్గర టెంట్ హౌస్ కుర్రాడు వెనకనుంచి కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దిగేస్తుంటాడు, టపటపా టపటపా. ఆ రోజంతా హాల్లో తాళానికి నడిచింది అదొక్కటే. ఆఖరికి ఆ కుర్రాడు దగ్గరికొచ్చి "సార్, కొంచెం లేస్తే ఆ కుర్చీ కూడా..." అంటాడు. అధ్యక్షులు ఉలిక్కిపడి లేచి, అద్భుతం అంటారు.

ఎవరి బాధ వాళ్ళు రాసుకుంటే నీకేమిటయ్యా అంటారు. ఏమీ లేదు. రాసుకోండి. డైరీలో రాసుకోండి, ఏడుస్తూ రాసుకోండి, చింపెయ్యండి, దాచుకోండి. ఆ కాగితం జోలికి ఎవడైనా వస్తే తన్నండి. నా గొడవ వేరే.

ఎవరో ఒకావిడకి అమ్మ పోతుంది. నిద్ర పట్టక ఇరవై పంక్తులు రాసి గ్రూపులో పెడుతుంది. "అమ్మంటే దేవత" తో మొదలు, "త్యాగాల సంద్రం" తో ఆఖరు. ఆ అమ్మ పేరు తీసేసి ఎవరి అమ్మనైనా పెట్టొచ్చు. కానీ పదకొండో పంక్తిలో, ఎలా దూరిందో, ఒక మందుల డబ్బా ఉంటుంది. వారానికి ఏడు గళ్ళది. బుధవారం దాకా ఖాళీ, గురువారం నుంచి మాత్రలు అలాగే ఉన్నాయి.

అదీ కవిత. మొత్తం అదే. ఒక్క మనిషి, సన్నాసి ఒక్కడంటే ఒక్కడు ఆ ఇరవై పంక్తులూ చదివి ఉంటే చెప్పేవాడు: అమ్మా, దేవతని తీసెయ్, సంద్రాన్ని తీసెయ్, ఆ డబ్బా దగ్గర మొదలుపెట్టు, ఆ గురువారం గడి మూత తీసి ఏం చేశావో రాయి. ఆవిడ రాసేది. నెల పట్టేది, పది కాగితాలు పాడయ్యేవి, ఏడ్చేది, కానీ ఆ తల్లి ఒక్క పేజీలోనైనా ఆ తల్లిలాగే ఉండేది. ఒక్కడు చదవలేదు. డెబ్బై బొటనవేళ్ళు లేచాయి. ఏడుపుకి బొటనవేలు చూపిస్తారా? "సూపర్ మేడమ్" అన్నాడొకడు. తల్లి చచ్చిపోతే సూపరేమిట్రా? పొద్దున్నకి ఆవిడ పేరులో ఒత్తు తప్పుతో ప్రశంసాపత్రం వచ్చింది, రంగుల అంచుతో. దాని వెనకే మరో సందేశం: మీ కవితను సంకలనంలో వేస్తాం, పేజీకి ఇంత, ప్రతులు రెండు, డబ్బు ముందుగా పంపగలరు. "ఒక్క అక్షరం కూడా మార్చవద్దు మేడమ్, సహజంగా ఉంది."

దాని కింద, అదే నిమిషంలో: రేపటి అంశం "నాన్న". ఇరవై పంక్తులకు మించరాదు. గడువు రాత్రి 8 గంటలు.