‘ముందు ప్రాణం, పిల్లల సంగతి తర్వాత’ అనే సందేశానికి ఖండన

రొమ్ము క్యాన్సర్ బయటపడిన యువతులను ఉద్దేశించిన ఒక వాట్సాప్ సందేశం చాలాకాలంగా చేతులు మారుతోంది. తర్వాత పిల్లల్ని కనడానికి అండాలను బయటికి తీయించి గడ్డకట్టించి దాచుకోవాలని చూస్తే చికిత్స ఆలస్యమై ప్రాణం మీదికి వస్తుందని, అందుకిచ్చే హార్మోన్ ఇంజెక్షన్లు కణితిని పెంచుతాయని, తర్వాత గర్భం వస్తే జబ్బు తిరగబెడుతుందని, కీమో అయ్యాక నెలసరి వస్తే ఇక బెంగ అక్కర్లేదని దాని సారాంశం. రాసినవారు మేలు కోరే రాసి ఉండవచ్చు. కానీ దాన్ని నమ్మి డాక్టరును ఏమీ అడగకుండా మొదటి కీమోకు వెళ్లిన అమ్మాయి ఆ మందుల వల్ల పోగొట్టుకునే అండాలు మళ్లీ రావు.

ఆలస్యం సంగతి ముందుగా చూద్దాం. ఒకప్పుడు నెలసరి వచ్చేదాకా ఆగి ఇంజెక్షన్లు మొదలుపెట్టేవారు కనుక వారాలు గడిచిపోయేవి. ఇప్పుడు నెలలో ఏ రోజునైనా మొదలుపెడుతున్నారు. రోజూ పొట్ట మీద సన్నని సూదితో ఇంజెక్షన్, మధ్యమధ్య స్కానింగ్, చివర మత్తు ఇచ్చి అండాలను బయటికి తీయడం, అంతా కలిపి సుమారు రెండు వారాలు. ఆపరేషన్ గాయం మానడానికి ఎలాగూ కీమోను కొన్ని వారాలు ఆపుతారు, ఆ వ్యవధిలోనే ఈ పని పూర్తవుతుంది. ఆపరేషన్‌కు ముందే కీమో ఇవ్వవలసి వచ్చి, రెండు వారాలు కూడా ఆగలేని పరిస్థితి కొందరికి ఉంటుంది. అలాంటివారికి కీమోకు ముందు నుంచి గోసెరెలిన్ ఇంజెక్షన్ ఇచ్చి అండాశయాలను నిద్రపుచ్చే మార్గం ఉంది. హార్మోన్ రిసెప్టార్లు లేని, అంటే హార్మోన్లకు స్పందించని క్యాన్సర్ రోగులపై జరిగి 2015లో వెలువడిన పోయెమ్స్ అధ్యయనంలో, రెండేళ్లకు అండాశయాలు పనిచేయకుండా పోయినవారు ఈ ఇంజెక్షన్ తీసుకోనివారిలో 22 శాతం, తీసుకున్నవారిలో 8 శాతం. అయితే ఇది అండాలను దాచుకోవడానికి బదులు కాదు.

హార్మోన్ల భయం అర్థం లేనిది కాదు, మామూలు పద్ధతిలో ఈస్ట్రోజెన్ బాగా పెరుగుతుంది. అందుకే ఆ ఇంజెక్షన్లతో పాటు, రొమ్ము క్యాన్సర్‌కే మందుగా వాడే లెట్రోజోల్ మాత్రలు ఇచ్చి ఆ పెరుగుదలను అదుపులో ఉంచుతారు. ఇలా చేయించుకున్నవారిలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువైనట్లు ఇప్పటివరకు వచ్చిన అధ్యయనాల్లో కనిపించలేదు.

గర్భం గురించిన మాటకు 2023లో వెలువడిన పాజిటివ్ అధ్యయనం సూటిగా జవాబు చెప్పింది. హార్మోన్లకు స్పందించే క్యాన్సర్ వచ్చిన, 42 ఏళ్లు మించని 500 మందికి పైగా మహిళలు 18 నుంచి 30 నెలలు హార్మోన్లను అడ్డుకునే చికిత్స తీసుకుని, గర్భం కోసం రెండేళ్లలోపు విరామం తీసుకున్నారు. మూడేళ్లకు జబ్బు తిరగబెట్టినవారు వీరిలో 8.9 శాతం, పోలికకు తీసుకున్న పాత అధ్యయనాల మహిళల్లో 9.2 శాతం. ఈ రకం క్యాన్సర్ పదేళ్ల తర్వాత కూడా తిరిగి రావచ్చు కనుక మూడేళ్ల లెక్కను చివరి మాటగా నేను చెప్పను. ఆ మహిళలు ఆ చికిత్సలో వాడే టామాక్సిఫెన్ మాత్రలను తమంతట తాము మానేయలేదని, గర్భస్థ శిశువుకు ఆ మందు హాని చేస్తుంది కనుక గర్భప్రయత్నానికి మూడు నెలల ముందే ఆపారని గుర్తుంచుకోవాలి.

నెలసరి మాట అన్నిటికంటే మోసకరమైనది. సైక్లోఫాస్ఫమైడ్ వంటి కీమో మందులు పుట్టుకతో వచ్చిన అండాల నిల్వను కరిగిస్తాయి. మిగిలిన కొద్దిపాటితో నెలసరి తిరిగి వచ్చినా, ఆ నిల్వ త్వరగా అడుగంటవచ్చు. పైగా అయిదేళ్లు హార్మోన్లను అడ్డుకునే మాత్రలు వాడాక 32 ఏళ్ల అమ్మాయికి 37 వస్తాయి, అండాలకు ఆ వయసే పెద్ద దెబ్బ. నెలసరి ఆగిందని గర్భనిరోధం మానేయడమూ పొరపాటే, అప్పుడు కూడా గర్భం రావచ్చు.

‘పెళ్లి కావలసిన పిల్ల, ఇవన్నీ ఇప్పుడెందుకండీ’ అని ఓపీ గదిలో తల్లి అంటుంటే, పక్కన కూర్చున్న అమ్మాయి ఒళ్లోని బయాప్సీ రిపోర్టు అంచును మడుస్తూ ఉండిపోతుంది. పిండాలను దాచాలంటే భర్త కావాలేమో గాని, అండాలను దాచడానికి అక్కర్లేదు. 2021 నాటి సహాయక పునరుత్పత్తి సాంకేతికత నియంత్రణ చట్టం 21 ఏళ్లు దాటిన అవివాహితకు కూడా ఈ సేవలను అనుమతిస్తుంది. ఎన్ని అండాలు వస్తాయో, అవి రేపు బిడ్డగా మారతాయో ఎవరూ హామీ ఇవ్వలేరు, ఖర్చూ తక్కువ కాదు. ఆ లెక్కలన్నీ విన్నాక వద్దని అనుకునే హక్కు కూడా ఆ అమ్మాయిదే, కానీ ఆ లెక్కలు ఆమెకు కీమో తేదీ వేయకముందే చెప్పాలి.