ఆటోలో వేసుకుని కేజీహెచ్‌కి పరుగెత్తమనే సందేశానికి ఖండన

కొంతకాలంగా విశాఖపట్నంలోని కాలనీ సంఘాల, అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. దాని సారాంశం ఇది: రోడ్డు ప్రమాదం జరిగినా, గుండెపోటు వచ్చినా 108కి ఫోన్ చేసి కాలం వృథా చేసుకోవద్దు, దొరికిన ఆటోలో వేసుకుని నేరుగా కేజీహెచ్‌కి, అంటే నగరంలోని ప్రభుత్వ కింగ్ జార్జ్ ఆసుపత్రికి, పరుగెత్తాలి, అంబులెన్స్‌లో వచ్చేది డాక్టర్ కాదు, ఆక్సిజన్ పెట్టడం తప్ప వాళ్లకు మరేమీ రాదు, గంటలోపు, అంటే ‘గోల్డెన్ అవర్’లో, ఆసుపత్రి చేరితే ప్రాణం దక్కినట్టే, చివరగా, పడిపోయినవాళ్లు ముక్కూమొహం తెలియనివాళ్లయితే ముట్టుకోవద్దు, పోలీసు కేసు మన మెడకు చుట్టుకుంటుంది. ఆటో ఎక్కించమన్న నోటితోనే ముట్టుకోవద్దని చెప్పడంలోని వైరుధ్యాన్ని ముందుకు పంపినవాళ్లెవరూ గమనించినట్టు లేదు. అత్యవసర వైద్య సహాయంలో శిక్షణ ఇచ్చే పనిలో ఉన్న నాకు ఇది మూడు వేర్వేరు గ్రూపుల నుంచి వచ్చింది. అందుకని ఒక్కో మాటనూ విడిగా పరిశీలిస్తున్నాను.

అంబులెన్స్‌లో డాక్టర్ ఉండడన్న మాట చాలావరకు నిజమే. అయితే అదేదో మోసమన్నట్టు చెప్పడం ఈ వృత్తి ఎందుకు పుట్టిందో తెలియకపోవడం వల్ల వచ్చింది. 1960ల దాకా అమెరికాలో చాలా ఊళ్లలో అంబులెన్స్ నడిపింది అంత్యక్రియల సంస్థలు; శవాన్ని మోసే బండే క్షతగాత్రుణ్నీ మోసేది, లోపల వైద్యం తెలిసినవారు ఉండేవారు కాదు. ప్రమాద మరణాలను ఆధునిక సమాజం నిర్లక్ష్యం చేసిన వ్యాధిగా వర్ణిస్తూ అక్కడి జాతీయ విజ్ఞానశాస్త్ర అకాడమీ 1966లో నివేదిక ఇచ్చింది. మరుసటి ఏడాది పిట్స్‌బర్గ్‌లో మొదలైన ఫ్రీడమ్ హౌస్ అంబులెన్స్ సేవలో పీటర్ సఫార్ అనే మత్తువైద్యుడు, పని దొరకని నల్లజాతి యువకులకు నెలల తరబడి కఠినమైన శిక్షణ ఇప్పించి వీధుల్లోకి పంపాడు. అదే కాలంలో బెల్‌ఫాస్ట్‌లో ఫ్రాంక్ పాంట్రిడ్జ్ అనే వైద్యుడు డీఫిబ్రిలేటర్‌ను, అంటే లయ తప్పిన గుండెను విద్యుత్ ఘాతంతో సరిచేసే పరికరాన్ని, వాహనంలో పెట్టి, గుండెపోటు రోగి ఇంటికే చికిత్సను తీసుకెళ్లవచ్చని చూపించాడు. ప్రతి వాహనంలోనూ డాక్టర్‌ను కూర్చోబెట్టడం ఏ దేశానికీ సాధ్యం కాదు కాబట్టి, మొదటి నిమిషాల్లో చేయవలసిన పనులను మాత్రం పూర్తిగా నేర్చుకున్న ఒక కొత్త వృత్తి వీటి నుంచి తయారైంది.

మన తెలుగునాట 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. అందులో వచ్చే ఇద్దరిలో ఒకరు ఈఎంటీ, అంటే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్. మరొకరు బండి నడిపే పైలట్. ఈఎంటీకి సందేహం వస్తే ఫోన్‌లో సలహా ఇవ్వడానికి కాల్ సెంటర్‌లో డాక్టర్ ఉంటారు. కాబట్టి డాక్టర్ బండిలో లేకపోయినా చికిత్స డాక్టర్ పర్యవేక్షణలోనే సాగుతుంది. ఇక్కడ మన భాషలోని ఒక గందరగోళాన్ని కూడా చెప్పాలి. మన ఊళ్లలో ‘పారామెడికల్ కోర్సు’ అంటే ల్యాబ్ టెక్నీషియన్, ఎక్స్‌రే టెక్నీషియన్, డయాలిసిస్ టెక్నీషియన్ అందరూ వస్తారు. పారామెడిక్ అంటే మాత్రం ఆసుపత్రి బయట అత్యవసర చికిత్స చేసే మనిషి. రెండు మాటలూ ఒకటే అనుకోవడం వల్లనే, ‘రక్తపరీక్ష చేసేవాడు ప్రాణం ఎలా కాపాడతాడు’ అనే ఎకసెక్కం పుడుతోంది. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం అత్యవసర వైద్య సాంకేతిక నిపుణులను ప్రత్యేక వృత్తిగా గుర్తించింది.

ఆక్సిజన్ తప్ప మరేమీ రాదన్న మాటకు వస్తే, రోగి దగ్గరికి చేరాక ఏం చేయాలన్న దాంట్లో మొదట నేర్పేది పరికరాలు కాదు, వరుస. ధారగా కారుతున్న రక్తం ఉందా, శ్వాసమార్గం తెరిచి ఉందా, ఊపిరి సరిగా ఆడుతోందా, నాడి ఎలా ఉంది, స్పృహ ఏ స్థాయిలో ఉంది, బట్టల కింద కనిపించని గాయం ఏదైనా ఉందా: ఈ క్రమంలో వెతుకుతూ, ఎక్కడ లోపం దొరికితే అక్కడే సరిచేసి ముందుకు వెళ్లాలి. కాలు విరిగి ఎముక బయటికి కనిపిస్తున్న మనిషి దగ్గర మన చూపంతా ఆ కాలి మీదే ఉంటుంది. శిక్షణ పొందినవారి చూపు అతని గొంతులోంచి వస్తున్న గురగుర మీద ఉంటుంది, ఎందుకంటే స్పృహ తప్పిన మనిషి నాలుక వెనక్కి జారి ఊపిరి ఆగి ప్రాణం పోవడానికి, విరిగిన కాలు వల్ల ప్రాణం పోవడానికన్నా చాలా తక్కువ సమయం చాలు. ఇది పుస్తకంలో చదివినంత సులభంగా అబ్బదు. చుట్టూ పది మంది అరుస్తూ, తల్లి ఏడుస్తూ ఉన్నప్పుడు కూడా వరుస తప్పకుండా ఉండేందుకే నెలల తరబడి బొమ్మల మీద, ఆ తర్వాత క్యాజువాల్టీలో సాధన చేయిస్తారు.

ఒక ఉదాహరణ చూడండి. ద్వారకా బస్ స్టేషన్ లాంటి చోట ఒక నడివయసు మనిషి తూలుతూ, మాట తడబడుతూ కూలబడ్డాడనుకుందాం. చూసినవాళ్లలో సగం మంది తాగాడంటారు, తక్కిన సగం పక్షవాతమంటారు. ఈఎంటీ చేసే మొదటి పనుల్లో ఒకటి వేలి కొన నుంచి చుక్క రక్తం తీసి గ్లూకోమీటర్‌లో చూడటం. డెసిలీటరు రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాముల కన్నా తక్కువకు పడిపోతే అది హైపోగ్లైసీమియా. 54 కన్నా కిందికి వెళ్తే మెదడు పని తీరే మారిపోతుంది. ఉదయం షుగర్ మాత్ర వేసుకుని టిఫిన్ మానేసిన మనిషికి ఇది రావచ్చు. గ్లూకోజ్ నరంలోకి ఎక్కించిన కొద్ది నిమిషాల్లో అతను లేచి తన పేరు, ఊరు చెప్పగలడు. ఆటోలో ఆసుపత్రికి పోయే దారిలో ఈ పని జరగదు.

ఆ ఆక్సిజన్ సంగతి కూడా సందేశం అనుకున్నంత చిన్నది కాదు. గుండెపోటు వచ్చినా రక్తంలో ఆక్సిజన్ 90 శాతానికి తగ్గని రోగికి దాన్ని అలవాటుగా పెట్టనక్కర్లేదని ఇప్పటి వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఏళ్ల తరబడి పొగతాగి ఊపిరితిత్తులు పాడైన రోగికి 88 నుంచి 92 శాతం మధ్య ఉంచడమే లక్ష్యం. అంతకు మించి గుప్పిస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మనిషి మగతలోకి జారవచ్చు. మాస్కు తగిలించడం ఎవరైనా చేస్తారు. ఎవరికి, ఎంత, ఎప్పుడు ఆపాలి అన్నది నేర్చుకోవలసిన విద్య.

ఇక ఆటో. వెనుక సీటులో పెద్దమనిషిని చాపి పడుకోబెట్టే చోటు ఉండదు. కూర్చోబెడితే స్పృహలేని తల గుండెల మీదికి వాలి శ్వాసమార్గం మూసుకుపోతుంది, ముడిచి పడుకోబెడితే విరిగిన మెడ, నడుము మరింత కదులుతాయి. గుండె ఆగిన రోగి విషయంలో నష్టం ఇంకా ఎక్కువ. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతుకు నొక్కితేనే సీపీఆర్ అవుతుంది. గతుకుల మీద ఊగే ఆటోలో అది అసాధ్యం. రక్తం అందని మెదడు నాలుగు నుంచి ఆరు నిమిషాల్లో దెబ్బతినడం మొదలుపెడుతుంది, డీఫిబ్రిలేటర్‌తో సరిచేయగల లయలో ఆగిన గుండె విషయంలో సీపీఆర్ లేకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం చొప్పున తగ్గుతుంది. కూర్మన్నపాలెం నుంచి గాజువాక, ఎన్‌ఏడీ కొత్తరోడ్డు, కంచరపాలెం దాటి కేజీహెచ్ ఉన్న మహారాణిపేట చేరడానికి ఎంత వేగంగా వెళ్లినా ఆ ఆరు నిమిషాలు ఏ మూలకూ చాలవు. అలాంటి రోగిని పడినచోటే ఉంచి, ఛాతీ నొక్కుతూ 108ని పిలిపించడమే సరైన పని.

కేజీహెచ్‌కే నేరుగా వెళ్లాలన్న సలహా వెనుక 1923 నుంచి ఉత్తరాంధ్రకు ఆ ఆసుపత్రి చేసిన సేవ మీద ఉన్న నమ్మకం కనిపిస్తుంది. ఆ నమ్మకాన్ని నేను కాదనను. అయినా కొమ్మాది దగ్గర పడిపోయిన రోగికి హనుమంతవాకలోని విమ్స్ అనే మరో ప్రభుత్వ ఆసుపత్రి దారిలోనే తగులుతుంది. పక్షవాతమైతే వెంటనే సీటీ స్కాన్ తీయగల చోటు కావాలి, గుండెపోటైతే ఈసీజీ చూసి రక్తనాళం తెరిచే ఏర్పాటు ఉన్న చోటు కావాలి. ఏ రోగిని ఏ ఆసుపత్రికి చేర్చాలో తేల్చడం, వస్తున్నామని ముందుగా అక్కడికి కబురు పెట్టడం కూడా అంబులెన్స్ సిబ్బంది శిక్షణలో భాగమే.

గోల్డెన్ అవర్ అనే మాటను బాల్టిమోర్‌లో క్షతగాత్రులకు చికిత్స చేసిన శస్త్రవైద్యుడు ఆడమ్స్ కౌలీ ప్రచారంలోకి తెచ్చాడు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో కూడా దానికి నిర్వచనం ఉంది. కానీ అరవై నిమిషాలన్నది శరీరం ఒప్పుకున్న గడువు కాదు. తొడ ధమని తెగితే కొద్ది నిమిషాలే మిగులుతాయి. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి వచ్చిన పక్షవాతానికి గడ్డను కరిగించే మందు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల దాకా ఇవ్వవచ్చు, అయితే ఎంత ముందిస్తే అంత మేలు. అందుకే ‘చివరిసారిగా మామూలుగా ఎప్పుడు ఉన్నాడు’ అని ఈఎంటీ అడిగే ప్రశ్నకు ఇంట్లోవాళ్లు విసుక్కోకుండా జవాబు చెప్పడం మంచిది. గంటలోపు చేరామన్న ధీమాతో మొదటి పది నిమిషాలను ఏమీ చేయకుండా వదిలేస్తే ఆ గంట లెక్కకు అర్థం ఉండదు.

ఈ సందేశం అసలు ఎత్తని విషయం ఒకటుంది: సహాయానికి వెళ్లేవారి భద్రత. శిక్షణలో మొట్టమొదటి పాఠం ఇదే. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి వెలువడిన స్టైరీన్ అనే రసాయనం ఆవిరి 12 మంది ప్రాణాలు తీసింది. ఇళ్లలోంచి పరుగెత్తుకొచ్చినవాళ్లు రోడ్ల మీదే సొమ్మసిల్లి పడిపోయారు. స్టైరీన్ ఆవిరి గాలి కన్నా బరువైనది, పల్లంలో నిలుస్తుంది. అలాంటి చోటికి ఏ రక్షణా లేకుండా దూసుకెళ్లినవాడు రక్షకుడు కాకుండా మరో రోగి అవుతాడు. ఫ్యాక్టరీలు, రిఫైనరీ, పోర్టు ఉన్న ఊరిలో ఉంటూ ఈ పాఠం లేకుండా ‘వెంటనే ఎత్తుకెళ్లండి’ అని చెప్పడం నాకు బొత్తిగా బాధ్యతలేని సలహాగా తోస్తోంది.

పోలీసు కేసు భయం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. క్షతగాత్రుడికి తక్షణ చికిత్స ఇవ్వడం ప్రతి వైద్యుడి బాధ్యతని సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులో స్పష్టం చేసింది. సాయం చేసినవారిని వేధించకుండా కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలకు 2016లో చట్టబలం ఇచ్చింది. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 134ఏ సెక్షన్ సద్భావంతో సహాయం చేసిన వ్యక్తికి సివిల్, క్రిమినల్ బాధ్యతల నుంచి రక్షణ కల్పిస్తోంది. పేరు చెప్పమని మిమ్మల్ని ఎవరూ బలవంతం చేయకూడదు.

ఇంతకీ ఈ సందేశంలో పిసరంతైనా నిజం లేదా? ఉంది. అంబులెన్స్ ఆలస్యమయ్యే సందర్భాలున్నాయి, సిబ్బంది నైపుణ్యం అన్ని బండ్లలో ఒకే స్థాయిలో ఉండదు, శిక్షణ మీద పెట్టే ఖర్చు చాలదన్నది నా అభిప్రాయం. లోపల రక్తస్రావమవుతున్న కత్తిపోటు రోగిని రోడ్డు మీద పెట్టుకుని కాలయాపన చేయడం ఈఎంటీకి కూడా తప్పే. అలాంటి చోట పది నిమిషాలకు మించి ఆగకూడదనే నేర్పుతారు. ఫిలడెల్ఫియాలో అలాంటి క్షతగాత్రులను పోలీసులే తమ కారులో ఎక్కించుకుని ఆసుపత్రికి చేరుస్తున్నారు. అయితే ఇవన్నీ 108కి ఫోన్ చేయకపోవడానికి కారణాలు కావు. ఫోన్ చేసినప్పుడు ‘హైవే మీద’ అని ఊరుకోకుండా అనకాపల్లి వైపు వెళ్లే దారిలోనా, శ్రీకాకుళం వైపు వెళ్లే దారిలోనా, ఏ ఫ్లైఓవర్ కింద, ఏ బంకు ఎదురుగా అన్నది చెబితే బండి డివైడర్ అవతల చిక్కుకుపోయే ఆలస్యం తప్పుతుంది. వాహనం రావడానికి చాలాసేపు పడుతుందని అవతలివాళ్లు చెప్పి, వేరే దారి లేక ఆటోనే ఎక్కించవలసి వస్తే, రక్తం కారే చోట మడిచిన గుడ్డతో ఒకరు గట్టిగా అదిమి పట్టుకోవాలి, మరొకరు తలను కదలకుండా పట్టుకుని ఊపిరి గమనిస్తూ ఉండాలి, ఏ దారిలో వస్తున్నారో 108కి మళ్లీ ఫోన్ చేసి చెప్పాలి. అప్పుడు బండి ఎదురొచ్చి దారిలోనే రోగిని ఎక్కించుకోగలదు. పాడేరు కొండల్లో రోడ్డు లేని ఊళ్ల నుంచి గర్భిణులను డోలీలో మోసుకొచ్చేవాళ్లు చేసేది అదే: ఒకపక్క మోస్తూనే, బండి ఎక్కడిదాకా రాగలదో ఫోన్‌లో తెలుసుకుని, అక్కడ కలుసుకుంటారు.