లామార్టీన్ కన్నా ఆమే నయం

ఫ్రెంచ్ రచయిత్రి మారీ దగూ పేరు ఎక్కడ కనిపించినా పక్కనే ఫ్రాంజ్ లిస్ట్ ఉంటాడు. 1835లో భర్తను వదిలేసి ఆ పియానో విద్వాంసుడితో జెనీవా వెళ్లిపోయిన కౌంటెస్, వాళ్ల ముగ్గురు పిల్లల తల్లి, కూతురు కోసిమా వల్ల జర్మన్ స్వరకర్త వాగ్నర్‌కు అత్తగారు. జీవిత చరిత్రలు రాసేవాళ్లకు ఇంత మసాలా దొరికాక ఇక ఆమె పుస్తకాలు తెరిచే ఓపిక ఎక్కడిది? డేనియల్ స్టెర్న్ అనే మగపేరుతో ఆమె 1850–53 మధ్య మూడు సంపుటాల్లో వేసిన 1848 ఫ్రెంచ్ విప్లవ చరిత్ర అటకెక్కింది.

1848 అంటే మనకు మార్క్స్ గుర్తొస్తాడు. సరే, విశ్లేషణకు ఆయన. కానీ ఫిబ్రవరి 23 రాత్రి పారిస్‌ను కళ్లారా చూడాలంటే ఈవిడ దగ్గరికే రావాలి. సైనికుల కాల్పుల తర్వాత తెల్ల గుర్రం కట్టిన బండి ఒకటి కదులుతుంది. కళ్లెం పట్టుకుని నడిపిస్తున్నవాడు ఒక కార్మికుడు. బండిలో ఐదు శవాలు వరసగా పేర్చి ఉంటాయి. ఒక కుర్రాడు ఎత్తి పట్టిన కాగడా వెలుగు, చనిపోయిన యువతి మెడ మీది నెత్తుటి మరకల మీద పడుతుంది. మర్నాడే రాజు లూయీ ఫిలిప్ గద్దె దిగాడు.

కౌంటెస్‌కు కూలీల ఆకలేం తెలుసంటారు కొందరు. నిజమే, రచయితలు, కళాకారులు చేరే గోష్ఠి (సలాన్) తన ఇంట్లో నడిపిన మనిషే ఆమె. మరి లామార్టీన్? తాత్కాలిక ప్రభుత్వంలో చక్రం తిప్పిన ఆ కవి 1849లోనే తన విప్లవ చరిత్ర అచ్చేశాడు. అందులో హీరో ఎవరో వేరే చెప్పాలా? ఆమెకు కాపాడుకోవాల్సిన పదవి లేదు, వచ్చే అవకాశమూ లేదు. మగవాళ్లందరికీ ఓటిచ్చిన ఆ విప్లవం ఆడవాళ్లను పట్టించుకోలేదు. ఫ్రాన్స్‌లో వాళ్లకు ఓటు హక్కు దక్కింది 1944లో. 1848 జూన్‌లో, పనిలేనివాళ్లకు పని ఇవ్వడానికి ప్రభుత్వం పెట్టిన జాతీయ వర్క్‌షాపులు మూతపడబోతున్నాయని పారిస్ పేటలు తిరగబడితే జనరల్ కవేన్యాక్ ఫిరంగులతో అణిచేశాడు. పెద్దమనుషులకు వాళ్లు అల్లరిమూక. ఆమె మాత్రం, పని చూపిస్తామన్న ప్రభుత్వం మాట తప్పడం దగ్గర్నుంచి లెక్క తీసింది. చివరి సంపుటం వచ్చేసరికి లూయీ నెపోలియన్ చక్రవర్తై కూర్చున్నాడు. అయినా కలం ఆపలేదు.

నా పాత గొడవ ఇక్కడే. మాజీ మంత్రి ఆత్మకథ వేస్తే అది చరిత్ర, పత్రికల్లో పేజీలకు పేజీలు. ఆయన ఏ ఫైలు తొక్కిపెట్టాడో అందులో వెతికినా దొరకదు. కుర్చీ లేని ఆడమనిషి అదే కాలం గురించి రాస్తే, ఆమె ఎవరి భార్య, ఎవరి ప్రేయసి అన్న ఆరా మొదలవుతుంది. నవలాకారుడు ఫ్లోబేర్‌కు ఆ ఆరాతో పని పడలేదు. 1869 నాటి నవల కోసం 1848 పారిస్‌ను మళ్లీ కట్టాల్సి వచ్చినప్పుడు డేనియల్ స్టెర్న్ సంపుటాలు ముందేసుకుని నోట్సు రాసుకున్నాడు.