డొమైన్ ఐడీ ఒకటి గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ డొమైన్ ఐడీ 1 గారి దివ్య సముఖానికి,

శాన్ అడ్మిన్ నమస్కరించి రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. ఆ ఉభయుల్లో మీ కుశలం అడగక్కర్లేదు. ఏ కొత్త స్విచ్ పెట్టె విప్పి కన్సోల్ కేబుల్ తగిలించినా లోపల మీరే కూర్చుని ఉంటారు. పక్క పెట్టె విప్పితే అందులోనూ మీరే. బడిలో చేర్చేరోజు కంగారులో మాస్టారు అందరికీ ఒకే పేరు రాసేసినట్టు, మా దగ్గరికి వచ్చిన ప్రతి స్విచ్చూ "నా పేరు ఒకటి" అంటూ దిగుతుంది. ఇక రెండో ఉభయుణ్ణి నేను. నా కుశలం ఈ ఉత్తరం పూర్తయ్యేసరికి మీకే తెలుస్తుంది.

మీ వంశప్రతిష్ఠ తెలియనివాళ్లు ఈ ఉత్తరం చదవొచ్చు కాబట్టి నాలుగు ముక్కలు చెప్పనివ్వండి. సర్వర్లకూ స్టోరేజ్ పెట్టెలకూ మధ్య కేవలం డిస్కుల రాకపోకల కోసం వేసుకున్న నెట్‌వర్క్ శాన్. అందులో ఫైబర్ ఛానల్ పద్ధతిలో ప్రతి పోర్టుకూ 24 బిట్ల చిరునామా ఉంటుంది. మొదటి 8 బిట్లు మీవి, అంటే స్విచ్ నంబరువి, నడిమి 8 ఏరియావి, చివరి 8 పోర్టువి. మన పేర్లలో ఇంటిపేరు ముందొచ్చినట్టు మీరు ముందొస్తారు. స్విచ్‌కి తగిలించిన సర్వరైనా, స్టోరేజ్ పోర్టయినా లాగిన్ అయిన మరుక్షణం మీ ఇంటిపేరే పెట్టుకోవాలి. స్విచ్‌ల మధ్య దారి లెక్కగట్టే ఎఫ్‌ఎస్‌పీఎఫ్ కూడా మీ ముఖం చూసే దారి చెబుతుంది. 8 బిట్లకి 256 అంకెలు రావాలి. 0 ఎవరికీ ఇవ్వరు, 240 నుంచి పైవన్నీ రిజర్వు. అయినా 1 నుంచి 239 దాకా మిగిలాయి కదా! ఇన్ని పేర్లుండగా లోకమంతా మిమ్మల్నే పట్టుకు వేలాడటం ఏమిటో.

ఒకటో నంబరు కాబట్టి ఫ్యాబ్రిక్‌కి, అంటే కలిసి ఒకటిగా పనిచేసే స్విచ్‌ల కూటమికి, మీరే పెద్ద అని కొత్తగా చేరిన కుర్రాళ్లు అనుకుంటారు. నేనూ అనుకున్నాను, నాలుగేళ్లు. ఒక ఇంటర్వ్యూలో ధీమాగా చెప్పాను కూడా. ఎదురుగా కూర్చున్నాయన తలూపాడు. అంటే ఆయనా అదే అనుకుంటున్నాడన్నమాట. నిజానికి ప్రిన్సిపల్ స్విచ్ ఎన్నికలో మీకు ఓటు కూడా లేదు. ముందు ప్రయారిటీ అంకె చూస్తారు, చిన్నది నెగ్గుతుంది. అక్కడ సమానమైతే స్విచ్‌కి పుట్టుకతో వచ్చిన 64 బిట్ల డబ్ల్యూడబ్ల్యూఎన్ చూస్తారు, అక్కడా చిన్నదే నెగ్గుతుంది. నెగ్గిన స్విచ్ మిగతావాటికి డొమైన్ ఐడీలు పంచుతుంది. అంటే మీరు దాత కాదండీ, దానం. ప్రయారిటీని ఎవరూ ముట్టుకోకపోతే ఏమవుతుందో మా దగ్గర చూశాను. మూల ర్యాకులో దుమ్ము పట్టి, వారంటీ తీరి, రేపోమాపో పీకేద్దామని అనుకుంటున్న స్విచ్ గద్దె మీద కూర్చుని, నిన్నగాక మొన్న కొన్న పెద్ద డైరెక్టర్ స్విచ్‌కి పేరు పెడుతోంది.

మన తొలి పరిచయం మీకు గుర్తుండదు, మీకు అన్ని స్విచ్‌లూ ఒకటే. నాకు గుర్తుంది. పనిచేస్తున్న స్విచ్ ఒకటి, కొత్త స్విచ్ ఒకటి. రెండిటినీ వెలిగించాను, ఆ తర్వాత మధ్యలో స్విచ్‌ని స్విచ్‌తో కలిపే ఐఎస్‌ఎల్ కేబుల్ పెట్టాను. దీపం వెలిగింది. నా ముఖమూ వెలిగింది. కానీ ఇటువాళ్లకి అటు డిస్కు కనపడదు. గంటన్నర కేబుల్ మార్చాను, కేబుల్ దూర్చే ఎస్‌ఎఫ్‌పీ ముక్క మార్చాను, ఫైబర్ మొన తుడిచాను. చివరికి పోర్టు స్థితి చూస్తే "సెగ్మెంటెడ్, డొమైన్ ఓవర్‌ల్యాప్" అని ఉంది. ఇటు మీరు, అటు మీరు. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని స్విచ్ ఎంత మర్యాదగా చెప్పిందో చూడండి. లింకు తెంచలేదు, దీపం ఆర్పలేదు, దారి మాత్రం ఇవ్వలేదు.

తమాషా ఏమిటంటే, అదే కేబుల్ ముందు పెట్టి, తర్వాత కొత్త స్విచ్‌ని వెలిగించి ఉంటే గొడవే రాకపోను. లేచీ లేవగానే అది ప్రిన్సిపల్‌ని నంబరు అడిగేది, ఒకటి ఖాళీ లేదంటే ఇంకో నంబరు పుచ్చుకుని నోరుమూసుకుని చేరిపోయేది. నిద్రలోంచి లేస్తున్నప్పుడు ఏ పేరైనా ఒప్పుకునే స్విచ్, కాస్త తెలివి వచ్చాక మాత్రం పేరు కోసం ప్రాణం ఇస్తుంది. ఆరోజు కొత్తదాన్ని డిసేబుల్ చేసి మళ్లీ ఎనేబుల్ చేశాను. 2 అని పేరు పెట్టుకుని లేచింది. మా ఎక్సెల్ షీటులో మాత్రం ఏడాది పాటు అది 1 గానే బతికింది. నేనే దిద్దాలి. దిద్దలేదు.

మీ స్వభావంలోని రకాలు కూడా నాకు ఆలస్యంగా తెలిశాయి. సిస్కో స్విచ్‌లలో ప్రిఫర్డ్ అని పెడితే మీరు సర్దుకుపోయేవారు: అడిగిన నంబరు దొరక్కపోతే ఇచ్చింది పుచ్చుకుంటారు. స్టాటిక్ అని పెడితే అడిగిందే ఇవ్వాలి, లేదంటే విడిగా కూర్చుంటారు. బ్రొకేడ్‌లో ఈ మొండితనానికి ఇన్‌సిస్టెంట్ అని నాజూకు పేరు. మనుషుల్లో ఈ గుణం ఉంటే మొండిఘటం అంటాం, స్విచ్‌లో ఉంటే బెస్ట్ ప్రాక్టీస్ అంటాం. అలా అనడంలో న్యాయం లేకపోలేదు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఇంటిపేరు మారిపోయే స్విచ్‌ని నమ్ముకుని ఎవరు కాపురం చేస్తారు?

ఎందుకంటే మీ పేరు మారితే ఏమవుతుందో నేను చూశాను. అదే ఈ ఉత్తరంలో అసలు ఫిర్యాదు. మీరు ఉత్త చిరునామా. పోస్టు పంచడానికి పనికొచ్చే ముక్క. అంతవరకే ఉంటే మిమ్మల్ని రోజుకోసారి మార్చినా ఎవరికీ నొప్పి లేదు. కానీ నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్న మహానుభావుడు జోనింగ్ అంతా, అంటే ఎవరు ఎవరితో మాట్లాడొచ్చో చెప్పే జాబితా, డొమైన్, పోర్టు జంటలతో రాసిపెట్టి వెళ్లాడు. "1,4 వాడు 1,17 తో మాట్లాడొచ్చు" అని. ఎవరా 4? డేటాబేస్ సర్వరా, టేప్ లైబ్రరీయా? జోన్ చూసి చెప్పడం ఆ దేవుడికీ కష్టం. ఆయన పక్షాన ఒక మాట చెప్పాలి: సర్వర్‌లో కార్డు మాడిపోయి కొత్తది వేసినా ఆ జోన్ ముట్టుకోనక్కర్లేదు, పోర్టు అదే కాబట్టి. డబ్ల్యూడబ్ల్యూఎన్‌తో జోనింగ్ రాస్తే కార్డు మారినప్పుడల్లా తిప్పలు. ఆయన కార్డుల గురించి ఆలోచించాడు, నా గురించి ఆలోచించలేదు. నేను మిమ్మల్ని 1 నుంచి 11 కి మార్చిన రాత్రి, జోన్‌లన్నీ "1" అనే ఖాళీ ఇంటి తలుపు కొడుతూ నిలబడ్డాయి.

అది గోరుచుట్టు. రోకటిపోటు ఆ వెనకే వచ్చింది. ఆ శాన్‌లో హెచ్‌పీ-యూఎక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే పాత సర్వర్ ఒకటి ఉండేది. దాని డిస్కుల హార్డ్‌వేర్ దారిలో డొమైన్, ఏరియా, పోర్టు వరసగా రాసి ఉంటాయి. మీరు 11 కాగానే ఆ సర్వర్‌కి పాత డిస్కులన్నీ పోయాయి, కొత్త డిస్కులు బోలెడు పుట్టాయి. డేటా ఒక్క బైటు కదల్లేదు. అయినా ఆ డిస్కుల్ని కలిపి కట్టిన వాల్యూమ్ గ్రూపు లేవనంది, డేటాబేస్ లేవనంది, నిద్రలోంచి నా మేనేజర్ లేచాడు. ఈ బాధ పోగొట్టే శాశ్వత పేర్ల పద్ధతి 2007లో వచ్చిన హెచ్‌పీ-యూఎక్స్ 11ఐ వీ3 లో ఉంది, ఐబీఎం వారి ఏఐఎక్స్‌లోనూ డైనమిక్ ట్రాకింగ్ అని ఒక సెట్టింగు ఉంది. మా సర్వర్ మాత్రం వీ3 ముఖం చూడలేదు. మిమ్మల్ని మళ్లీ 1 చేశాను. అందరూ లేచారు. స్విచ్‌ని రెండుసార్లు ఆపి, రెండుసార్లు లేపి, బయల్దేరిన చోటికే చేరినందుకు నాకు మర్నాడు ప్రశంసలు వచ్చాయి.

మీ అంకెల వేషాల గురించీ చెప్పాలి. ఒక స్క్రీన్‌లో మీరు దశాంశం, ఇంకో స్క్రీన్‌లో హెక్స్, అంటే పదహార్ల లెక్క. చిరునామాలో 10 కనపడితే అది పది కాదు, పదహారు. ఒకప్పుడు వేర్వేరు కంపెనీల స్విచ్‌లు కలిసి బతకడానికి ఇంటరాప్ మోడ్‌లో 97 నుంచి 127 దాకా 31 నంబర్లే వాడాలని కట్టడి ఉండేది. హెక్స్‌లో అవి 61 నుంచి మొదలు. దాన్నైనా భరించొచ్చు. మెయిన్‌ఫ్రేమ్ మిత్రుడితో పని పడ్డప్పుడు చూడాలి నా అవస్థ. మెయిన్‌ఫ్రేమ్ ఫైబర్ ఛానల్ మీద మాట్లాడే ఫైకాన్ పద్ధతిలో స్విచ్ దాటి ఇంకో స్విచ్ మీదుగా పోవాలంటే రెండు బైట్ల చిరునామా రాస్తారు, మొదటి బైటు మీరే. అక్కడ మీరు అసలు కదలకూడదు, ఇన్‌సిస్టెంట్ తప్పనిసరి. ఆయన కాగితం మీద "డొమైన్ 21" అని రాసిచ్చాడు. నేను 21 పెట్టాను. ఛానల్ పైకి రాదు. ఆయన తన కాన్ఫిగరేషన్ చూసి 21 సరిగ్గానే ఉందన్నాడు. నేను నా స్విచ్ చూసి 21 సరిగ్గానే ఉందన్నాను. ఇద్దరమూ నిజమే చెబుతున్నాం, ఇద్దరమూ తిట్టుకుంటున్నాం. పుట్టిననాటి నుంచీ హెక్స్‌లోనే లెక్కపెట్టే మనిషాయన. ఆయన 21 నా 33. ఈ సంగతి మూడో మనిషి, అదీ కాఫీకి పిలవడానికి వచ్చినవాడు, భుజం మీంచి తొంగిచూసి చెప్పాడు.

మీ బెడద పడలేక కొన్ని స్విచ్‌లు సన్యాసం తీసుకున్నాయి, ఎరుగుదురా? బ్లేడ్ ఛాసీలలో దూరే చిన్న స్విచ్‌లు ఎన్‌పీవీ అనో యాక్సెస్ గేట్‌వే అనో మంత్రం పుచ్చుకుని, "నేను స్విచ్‌నే కాదు బాబోయ్, నలుగురు సర్వర్లు ఒక తలుపులోంచి వస్తున్నారు అనుకోండి" అని పెద్ద స్విచ్‌కి చెప్పుకుంటాయి. వాటికి డొమైన్ ఐడీ అక్కర్లేదు, ఎన్నికలు అక్కర్లేదు. చూస్తుంటే నాకూ తీసుకోవాలనిపిస్తుంది.

ఇక ఫ్యాబ్రిక్ అంతటినీ తిరగదోడమని స్విచ్‌లు పంపుకునే ఫ్రేము, రీకన్ఫిగర్ ఫ్యాబ్రిక్ గారి పేరు మీ దగ్గర ఎత్తాలంటేనే భయం. బిల్డ్ ఫ్యాబ్రిక్ అయితే ఎవరి నంబర్లు వాళ్లకి ఉంచుతూ సర్దుతుంది. ఈయన వచ్చాడంటే ఉన్న నంబర్లన్నీ చెరిపి పంపకాలు మొదట్నుంచి. ఫ్యాబ్రిక్‌లో ప్రతి లాగిన్ పోతుంది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక పోయిందని సామెత చెప్పినవాడికి ఈ ఫ్రేము ముందే తెలుసనుకుంటా.

అసలు ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్నానో ఇప్పుడు చెబుతాను. మా శాన్‌లో రివాజు ప్రకారం రెండు ఫ్యాబ్రిక్‌లు, ఏ, బీ. ప్రతి సర్వర్‌కీ రెండిటిలోనూ ఒక్కో కాలు. ఒకటి మొత్తం కుప్పకూలినా రెండోదాని మీద నిలబడాలి, కాబట్టి రెండూ ఎన్నటికీ కలవకూడదు. రెండిటిలోనూ కోర్ స్విచ్ పేరు 1. అటూ ఇటూ మీరే. లాగ్‌లో "డొమైన్ 1" అని కనపడితే ఏ వైపుదో తెలియక చాలాసార్లు తప్పు స్విచ్ దగ్గరికి పరుగెత్తాను. అందుకని ఏ వైపు బేసి సంఖ్యలు, బీ వైపు సరి సంఖ్యలు పెడదామని తీర్మానించి చేంజ్ టికెట్ రాశాను. "మార్పుకు కారణం" గడిలో మిమ్మల్ని అరపేజీ తిట్టాను. ఈసారి జోనింగ్ డబ్ల్యూడబ్ల్యూఎన్‌కి మార్చాను, పాత సర్వర్ రిటైరైంది, ఎక్సెల్ షీటు కూడా దిద్దాను. అంతా సిద్ధం.

మార్పుకు కేటాయించిన సమయానికి, అంటే విండోకి, రెండు రోజుల ముందు, ప్యాచ్ ప్యానెల్ దగ్గర ఎవరో ఒక కేబుల్ తప్పుచోట పెట్టారు. ఏ కోర్ ఒక కొస, బీ కోర్ రెండో కొస. వాడని పోర్టులు మూసి ఉంచాల్సింది, స్విచ్‌తో స్విచ్ చేయి కలపకుండా వాటికి గడియ పెట్టాల్సింది నేనే. పెట్టలేదు. రెండు కోర్లూ ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి. ఇటు "నేను ఒకటి" అన్నారు మీరు. అటు "నేను ఒకటి" అన్నారు మీరు. సెగ్మెంటెడ్. అలారం మోగింది, కేబుల్ పీకాం, ఒక్క సర్వర్ కూడా కనురెప్ప వేయలేదు.

నేను రెండు రోజుల ముందే ఆ మార్పు చేసి ఉంటే 1 గారు 2 గారికి నమస్కారం పెట్టేవారు. ఆ తర్వాత జోనింగ్ దగ్గర పేచీ వచ్చి ఆగేదేమో, ఆగకపోనేమో. అంతదాకా ఆట పోనివ్వలేదు మీరు.

ఆ టికెట్ ఇంకా తెరిచే ఉంది. ఇందాక కారణం గడిలోని అరపేజీ చెరిపేశాను. కొత్తగా ఏం రాయాలో తోచక మీకే రాస్తున్నాను. ఎల్లుండి రాత్రి 11 గంటలకి విండో; ఆలోగా మీ అభిప్రాయం తెలియజేయ ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు,
ఏ, బీ ఫ్యాబ్రిక్‌ల కాపలాదారు

తా.క.: ఈ ఉత్తరంలో హెక్స్ అని విడిగా చెప్పని అంకెలు దశాంశాలే. 11 గంటలు కూడా. మెయిన్‌ఫ్రేమ్ వారు గమనించగలరు.