రీలు తిప్పని ఊరు

మా తాతగారి సంవత్సరీకానికి ఒక వీడియో చేయిస్తున్నాను. ఎడిటింగ్ మేనల్లుడిది. పాత ఫొటోలు వరసపెట్టి వస్తే చుట్టాలు భోజనాల వైపు లేచిపోతారని, మొదట్లో డబుల్ ఎక్స్‌పోజర్ పెడదామన్నాడు. తాతగారి తల నీడలా ఉంటుందట, అందులో మహేంద్రగిరి కొండ కనిపిస్తుందట.

"ఫిలిం రోజుల్లో రీలు తిప్పకుండా రెండోసారి బటన్ నొక్కేవారు మావయ్యా. ఒకే ఫ్రేములో రెండు బొమ్మలు పడేవి" అని పాఠం మొదలెట్టాడు.

నాకా! పర్లాకిమిడి వాడికా! 1936 ఏప్రిల్ 1న మా ఊరికి జరిగింది అదే కదా. (తారీఖు నేను పెట్టింది కాదు.) ఆరేళ్ల తాతగారు మద్రాసు ప్రెసిడెన్సీలో పడుకుని ఒరిస్సాలో లేచారు. ఇల్లు కదల్లేదు, మంచం కదల్లేదు. రీలు ఎవరూ తిప్పలేదు, బటన్ మాత్రం మళ్లీ నొక్కారు. ఆ తర్వాత జీవితమంతా ఆయన ఆఫీసులో ఒడియా మాట్లాడి, ఇంటికొచ్చి తెలుగులో తిట్టారు.

సరే, పని. కింది ట్రాకులో (అంటే పొరలో) తాతగారు, పై ట్రాకులో కొండ. ముందు కొండ ఒపాసిటీని, అంటే చిక్కదనాన్ని, 50 శాతానికి తగ్గించాడు. ఇద్దరూ నీళ్ల మజ్జిగలా పలచబడ్డారు. ముక్కేదో శిఖరమేదో తెలియలేదు. అప్పుడు ఫొటో వెనకాల అంతా తెల్లగా చేసి, కాంట్రాస్టు పెంచి తాతగారిని నల్లటి నీడగా మార్చాడు. రెండు బొమ్మలు ఎలా కలవాలో చెప్పే బ్లెండ్ మోడ్ మెనూలో పొరపాటున మల్టిప్లై నొక్కితే కొండ చుట్టూ పరుచుకుంది, ఆయన బొగ్గులా మిగిలారు. పెద్దనాన్న కళ్లనీళ్లు పెట్టుకున్నారు. అదే మెనూలో 'స్క్రీన్' అనే మోడ్ నొక్కాక పని కుదిరింది. తెలుపున్న చోట తెలుపే నిలుస్తుంది, నలుపున్న చోట రెండో బొమ్మ తేలుతుంది. కొండ బుద్ధిగా తాతగారి తలలో సర్దుకుంది. ఆయన ఎలాగూ కదలరు కాబట్టి, రెండు కీఫ్రేములు (మొదట ఎంత సైజు, చివర ఎంత సైజు అనే గుర్తులు) పెట్టి కొండనే మెల్లగా పెద్దది చేశాడు.

ఇంతలో బాబాయి చూశారు. "నాన్నగారి నెత్తిన కొండ పెడతార్రా? ఆయన్ని పైకి తియ్యండి!"

పెద్దనాన్న ఒప్పుకోలేదు. మహేంద్రగిరి దేవుడి కొండ, కిందెలా పెడతామన్నారు. టెన్షన్ పెరిగింది. కాఫీలు చల్లారాయి. మేనల్లుడు నోరెత్తకుండా ట్రాకులు తారుమారు చేసి, పైకొచ్చినదానికి స్క్రీన్ పెట్టాడు. బొమ్మ రవ్వంత కూడా మారలేదు.

"స్క్రీన్‌లో ఎవరు పైనున్నా ఒకటే మావయ్యా."

అన్నదమ్ములిద్దరూ తామే గెలిచామనుకుని భోజనానికి లేచారు. నేను మాత్రం ఆలోచనలో పడ్డాను. మాకు పడమరన, కొరాపుట్ జిల్లాలో కొఠియా గ్రామాలున్నాయి. ఆ 21 ఊళ్లు మావంటే మావని ఆంధ్ర, ఒడిశా పోట్లాడుకుంటున్నాయి. వ్యవహారం 1968లోనే సుప్రీంకోర్టుకెక్కింది. అక్కడివాళ్లకు రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు. ఇన్నేళ్లుగా రెండు ప్రభుత్వాలూ ట్రాకులు కిందకీ పైకీ లాగుతూనే ఉన్నాయి తప్ప, ఆ మెనూ తెరిచి చూసిన అధికారి ఒక్కడూ లేడు!

ప్రజాహితం కోరి, సదరు బటన్ ఎక్కడుందో వివరిస్తూ ఒక అర్జీ రాశాను. తెలుగులో ఒక కాపీ, ఒడియాలో ఒక కాపీ. ఏది పైన పెట్టి పిన్ను కొట్టాలో తేలక ఇంకా పంపలేదు.